మా సెస్నా పానెల్ విప్పిన ఆరు నెలలు

మా చిన్న సెస్నా విమానంలో నల్గొండ దాటి సాగర్ వైపు పోతున్నాం, ఐదున్నర వేల అడుగులు, ఫిబ్రవరి పొద్దున, గాలి కూడా పెద్దగా లేదు. నేను ఎడమ సీట్లో, బావ కుడి సీట్లో. కాసేపటికి నాకేదో తేడాగా అనిపించింది, ఏంటో తెలీట్లేదు. చూస్తే నా చెయ్యి యోక్ ని (విమానం స్టీరింగ్ ని) కొంచెం కుడికి తిప్పి పట్టుకుని ఉంది, నేనెప్పుడు తిప్పానో నాకే గుర్తులేదు. పానెల్ మధ్యలో ఉండే, విమానం ఎటు వాలిందో చూపించే ఆర్టిఫిషియల్ హొరైజన్ లో విమానం ఎడమకి వాలినట్టు ఉంది, దాన్ని సరిచెయ్యడానికి చెయ్యి తనంతట తనే కుడికి పోయింది. తలెత్తి బయటికి చూస్తే కథ వేరేలా ఉంది. మేం కుడికి ఒరిగి మెల్లగా తిరుగుతున్నాం, కింద పొలాలు పక్కకి జరిగిపోతున్నాయి. పానెల్ మీద సక్షన్ గేజ్ చూశా, ఐదు దగ్గర ఉండాల్సిన ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. ఆ హొరైజన్ ని నడిపే వాక్యూమ్ పంప్ పోయింది.

బావ వెంటనే "బయటికి చూడు, బయటికి చూడు" అన్నాడు. ఆ రోజు బయట చూడ్డానికి ఆకాశం ఉంది కాబట్టి వెనక్కి తిరిగి బేగంపేటలో మామూలుగా దిగాం. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే నాకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనపడకపోయినా పానెల్ చూసి నడిపే అర్హత) వచ్చి అప్పటికి మూడు నెలలే అయింది, ఆ వానాకాలం నుంచి మబ్బుల్లోంచి పోవచ్చు అని ఎంత సంబరపడ్డానో నాకే తెలుసు. ఆ పంప్ మబ్బులో పోయి ఉంటే? నా చెయ్యి అట్లాగే కుడికి తిప్పుతూ పోయి ఉండేది. చెవిలో ఉండే బ్యాలెన్స్ తప్పు చెప్తుందని క్లాసులో వందసార్లు విన్నా, ఆ రోజు మాత్రం చెవి కాదు, కన్నే మోసపోయింది, ఆ కన్ను చూసింది కూడా మనం నమ్మాలని నేర్పిన ఇన్‌స్ట్రుమెంట్ నే.

మర్నాడు మా ఇంజినీర్ గారు పంప్ విప్పి బల్ల మీద పెట్టారు. ఆయన రిటైరైన ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్), మా విమానం వయసుకి దగ్గర దగ్గరగా ఆయన సర్వీసు. లోపల గ్రాఫైట్ రెక్కలు ముక్కలైపోయి ఉన్నాయి, వేలితో ముట్టుకుంటే పొయ్యి మసిలాగ నల్లగా అంటుకుంది. ఇంజిన్ కి పంప్ కి మధ్య ఒక చిన్న ప్లాస్టిక్ కప్లింగ్ ఉంటుంది, పంప్ బిగుసుకుపోతే ఇంజిన్ గేర్లు దెబ్బతినకుండా అది తెగిపోయేలా కావాలనే అట్లా చేస్తారు, అది నిట్టనిలువునా తెగింది. నూనె లేకుండా నడిచే ఈ డ్రై పంపులతో వచ్చిన చిక్కే ఇది బాబూ, ముందు చెప్పి పోవు, అన్నారాయన.

విమానాల సంగతి తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తా. మాది సెస్నా 172ఎన్, 1978 మోడల్, 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజిన్, నాలుగు సీట్లు. మేం ముగ్గురం కలిసి కొనుక్కున్నాం, నేను, బావ, ఒక డాక్టర్ గారు. ఇట్లాంటి పాత విమానంలో హొరైజన్, దిక్కు చూపించే డైరెక్షనల్ జైరో, ఈ రెండూ గాలితో తిరిగే బొంగరాలు. ఇంజిన్ మీదున్న పంప్ గాలిని పీలుస్తుంది, ఆ గాలి లాగుడికి బొంగరాలు తిరుగుతాయి. విమానం ఎటు తిరుగుతోందో చూపించే టర్న్ కోఆర్డినేటర్ ఒక్కటే కరెంటు మీద నడుస్తుంది, అన్నీ ఒకేసారి పోకూడదని. పంప్ పోయాక కూడా బొంగరం ఠక్కున ఆగదు, కొన్ని నిమిషాల పాటు వేగం తగ్గుకుంటూ మెల్లగా పక్కకి వాలుతుంది, అసలు ప్రమాదం ఆ మెల్లగా వాలడంలోనే ఉంది. ఠక్కున ఆగిపోతే మనిషికి తెలుస్తుంది, మెల్లగా వాలితే మనమూ దానితో పాటే వాలతాం.

1954 లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఒక ప్రయోగం చేశారు, ఇన్‌స్ట్రుమెంట్ ట్రెయినింగ్ లేని 20 మందిని బయట ఏమీ కనపడకుండా చేసి విమానం నడపమన్నారు. ఇరవైకి ఇరవై మంది అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు. వాళ్ళ దగ్గర ట్రెయినింగ్ లేదు, నా దగ్గర ఉంది, కానీ ట్రెయినింగ్ అంతా చెప్పేది "ఇన్‌స్ట్రుమెంట్ ని నమ్ము" అనే కదా, ఆ ఇన్‌స్ట్రుమెంటే అబద్ధం చెప్తే ఆ ట్రెయినింగ్ నిలబడాలంటే ఇంకోటి పక్కన నిజం చెప్తూ ఉండాలి, మనం దాన్ని చూడాలి. ఆ రోజు టర్న్ కోఆర్డినేటర్ నిజమే చెప్తోంది. నేను చూడలేదు.

సరే, పానెల్ మార్చాలి అని ముగ్గురం అనుకున్నాం. ఇక్కడి నుంచి అసలు గొడవ మొదలైంది. నేనేమో ఇంటర్నెట్ లో అమెరికా వాళ్ళ పానెళ్ళ ఫొటోలు చూసి చూసి పెద్ద టచ్ స్క్రీన్ జీపీఎస్ కావాలన్నా, డాక్టర్ గారేమో ఆటోపైలట్ లేకుండా ఒక్క మనిషి మబ్బులో నడపడం సరైన పని కాదన్నారు, బావ అయితే రెండూ కావాలి కానీ డబ్బులు మాత్రం ఒక్కదానికే ఉన్నాయన్నాడు. రెండు ఆదివారాలు ఇరానీ చాయ్ మీద చాయ్ తాగుతూ ఇదే వాదన. మూడో ఆదివారం ఇంజినీర్ గారు వచ్చి మా లిస్ట్ చూసి పక్కన పెట్టేసి, ఒక తెల్ల కాగితం మీద గీత గీసి ఎడమ వైపు మా ఇన్‌స్ట్రుమెంట్లన్నీ రాసి, "ఏం కొంటారో తర్వాత, ముందు ఒక్కోదానికి ఎదురుగా ఇది పోతే దానితో పాటు ఇంకా ఏవేం పోతాయో రాయండి" అన్నారు.

ఆ కాగితం నింపడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది, నింపాక ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. వాక్యూమ్ పంప్ పోతే రెండు జైరోలూ పోతాయి, అది తెలిసిందే. కానీ మా రెండు రేడియోలూ, దారి చూపే రెండు నావ్ లూ, రాడార్ కి మమ్మల్ని చూపించే ట్రాన్స్‌పాండర్, అన్నీ ఒకే ఒక్క ఏవియానిక్స్ మాస్టర్ స్విచ్ మీదుగా వెళ్తున్నాయి, నలభై ఏళ్ళు దాటిన స్విచ్ అది, ఆ ఒక్క స్విచ్ లోపల కాలిపోతే మబ్బులో మేము మూగ, చెవుడు, గుడ్డి అన్నీ ఒకేసారి. ఆల్టిమీటర్, స్పీడు, వర్టికల్ స్పీడు, ట్రాన్స్‌పాండర్ కి ఎత్తు పంపే ఎన్‌కోడర్, ఈ నాలుగూ విమానం పక్కన ఉన్న బయటి గాలి ఒత్తిడి తీసుకునే ఒకే ఒక్క స్టాటిక్ రంధ్రం మీద బతుకుతున్నాయి. నేను కొనాలనుకున్న పెద్ద స్క్రీన్ ఈ కాగితంలో ఒక్క ఖాళీని కూడా పూడ్చదు. అందంగా ఉంటుంది అంతే.

ఎవరైనా పాత చిన్న విమానాన్ని ఐఎఫ్ఆర్ కి (మబ్బుల్లో పానెల్ చూసి ఎగరడానికి) తయారు చేద్దాం అనుకుంటుంటే నేను చెప్పేది ఈ కాగితం గురించే. ఏం కొనాలి అని మొదలుపెట్టకండి, ఏది దేనితో కలిసి పోతుంది అని మొదలుపెట్టండి.

ఆ కాగితం ప్రకారమే మొదటి డబ్బులు జైరోల మీద పెట్టాం. వాక్యూమ్ పంప్, దాని గొట్టాలు, ఫిల్టర్లు మొత్తం తీసేసి హొరైజన్ చోట ఒకటి, డైరెక్షనల్ జైరో చోట ఒకటి, రెండు గార్మిన్ జీ5 లు. ఇవి కరెంటు మీద నడుస్తాయి, లోపల తిరిగే బొంగరం ఉండదు, ఒక్కోదానికి సొంత బ్యాటరీ ఉంటుంది, విమానం కరెంటు పూర్తిగా పోయినా నాలుగు గంటల వరకు నిలబడుతుంది. పైది పోతే కిందది హొరైజన్ లా మారిపోతుంది. పాత టర్న్ కోఆర్డినేటర్ ని, పాత స్పీడు గేజ్ ని, ఆల్టిమీటర్ ని ఉన్న చోటే ఉంచాం. బొంగరాలతో నాకేం పగ లేదు, 1929 సెప్టెంబర్ 24 న జిమ్మీ డూలిటిల్ కాక్‌పిట్ మీద గుడ్డ కప్పించుకుని లేచి, తిరిగి, దిగి చూపించింది స్పెర్రీ బొంగరాల మీదే, కోల్స్‌మన్ ఆల్టిమీటర్ మీదే, ఇవాళ మనం ఎక్కే ప్రతి విమానం ఆ పదిహేను నిమిషాలకి రుణపడి ఉంది. కానీ ఆయనకి కూడా ముందు సీట్లో ఇంకో పైలట్ బయటికి చూస్తూ కూర్చున్నాడు.

జీపీఎస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమెరికా సలహాలు మనకి సరిపోవని తెలిసింది. అక్కడ చిన్న చిన్న ఊళ్ళ రన్‌వేలకి కూడా శాటిలైట్ అప్రోచ్ లు (దిగడానికి దారి చూపే పద్ధతులు) ఉంటాయి, అందుకని వాళ్ళు జీపీఎస్ ఒక్కటి చాలు, పాత నావ్ రేడియో పీకి పారెయ్ అంటారు. మన దగ్గర మబ్బులోంచి కిందికి దింపేది ఎక్కువగా ఇప్పటికీ ఐఎల్ఎస్సే, అంటే రన్‌వే దగ్గర నుంచి వచ్చే రేడియో సిగ్నల్ చూపే దారి. మనకీ గగన్ ఉంది, ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టింది, దేశమంతా 15 రిఫరెన్స్ స్టేషన్లు జీపీఎస్ తప్పుల్ని కొలుస్తుంటే, ఆ సవరణలు జీశాట్ ఉపగ్రహాల మీదుగా కిందికి వస్తాయి, 2015 ఏప్రిల్ లో అప్రోచ్ లకి కూడా సర్టిఫై అయింది, 2022 ఏప్రిల్ లో ఇండిగో ఏటీఆర్ ఒకటి కిషన్‌గఢ్ లో గగన్ మీద దిగింది, ఆ వార్త చదివిన రోజు నిజంగా గర్వంగా అనిపించింది. మన దేశానికి ఇది చెయ్యడం అమెరికా కంటే కష్టం, ఎందుకంటే అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణ కొస మీదుగా పోతుంది, కేరళలోని తుంబాలో రాకెట్ కేంద్రం పెట్టింది కూడా అందుకే, ఆ రేఖ దగ్గర అయనోస్ఫియర్ (పై ఆకాశంలో కరెంటు నిండిన గాలి పొర) కుదురుగా ఉండదు, ముఖ్యంగా పొద్దుగూకాక శాటిలైట్ సిగ్నల్ ని మెలికలు తిప్పేస్తుంది. అంత కష్టం మీద కట్టుకున్న సిస్టమ్ ని వాడుకోగలిగే జీపీఎస్ పెట్టుకోవాలి, అదే సమయంలో ఐఎల్ఎస్ వదులుకోకూడదు.

అందుకని గార్మిన్ జీఎన్‌సీ 355 పెట్టాం, జీపీఎస్ ఒక రేడియో కలిసి ఉంటాయి, దానిలో ఐఎల్ఎస్ లేదు. ఐఎల్ఎస్ పట్టే పాత కింగ్ కేఎక్స్ 155 రేడియోని, దిగే వాలు చూపించే గ్లైడ్‌స్లోప్ ముల్లు ఉన్న దాని సొంత ఇండికేటర్ ని అట్లాగే ఉంచాం. ఒకదానిలోనే అన్నీ ఉన్న ఖరీదైన డబ్బా కొనచ్చు, కానీ ఆ డబ్బా పోతే అన్నీ పోతాయి, మళ్ళీ కాగితం దగ్గరికే వస్తాం. ఏవియానిక్స్ స్విచ్ ని కూడా రెండుగా విడగొట్టించాం, జీపీఎస్ ఒక వైపు, కింగ్ రేడియో ఇంకో వైపు. వినడానికి చిన్న పని, డ్రాయింగ్ కి, ఆమోదానికి పట్టిన టైమ్ లో సగం పానెల్ అయిపోయేది.

పని వేరే ఊళ్ళో ఒక వర్క్‌షాప్ కి ఇచ్చాం. రెండు నెలలన్నారు, ఆరు నెలలు పట్టింది. పేరు రాయను, కానీ ఒక్క విషయం మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఇంకెవరికైనా పనికొస్తుంది. మొదటిసారి "అయిపోయింది రండి" అని పిలిస్తే వెళ్ళాం, పానెల్ ముందు నుంచి చూస్తే అద్దంలా ఉంది, ఇంజినీర్ గారు కూర్చుని చూడకుండా కింద పడుకుని వెనక నుంచి చూశారు. రెక్క చివర స్ట్రోబ్ లైట్ కి వెళ్ళే కరెంటు వైరు, దిక్కు పసిగట్టే కొత్త మాగ్నెటోమీటర్ నుంచి వచ్చే వైరు, రెండూ ఒకే కట్టలో బిగించి ఉన్నాయి. స్ట్రోబ్ వేసినప్పుడల్లా హెడింగ్ రెండు మూడు డిగ్రీలు ఊగుతోంది. మళ్ళీ విప్పించాం. ముప్ఫై రోజులు పోయాయి. పాత ఏడీఎఫ్ (దిక్కు చూపే పాతకాలం రేడియో) తీసేసి ఎప్పుడో ఏళ్ళయింది, దాని వైర్లు మాత్రం చివర్లు తెగ్గోసి టేపు చుట్టి లోపలే ఉన్నాయి, ఎక్కడెక్కడివో తెలియని వైర్లు పీకుతూ పోతే ఒక బకెట్ నిండింది. పాత యాంటెనా కేబుళ్ళన్నీ ఆర్‌జీ 58, కొన్ని చోట్ల పై తొడుగు ఎండిపోయి పొరలు లేస్తోంది, అవన్నీ ఆర్‌జీ 400 కి మార్పించాం, ఇది ఎవరూ ఫొటో తీసి పెట్టుకునే పని కాదు, కానీ దీని తర్వాత రేడియోలో టవర్ మాట గది పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినిపిస్తోంది.

స్టాటిక్ లీక్ టెస్ట్ గురించి వివరంగా రాస్తా, ఎందుకంటే నాకు ఈ మొత్తం పనిలో కళ్ళు తెరిపించింది ఇదే. స్టాటిక్ రంధ్రానికి ఒక గొట్టం తగిలించి మెల్లగా గాలి లాగుతారు, ఆల్టిమీటర్ వెయ్యి అడుగులు పైకెళ్ళినట్టు చూపించేదాకా. తర్వాత పంప్ మూసేసి గడియారం చూస్తారు. ఒక్క నిమిషంలో వంద అడుగుల కంటే ఎక్కువ పడకూడదు, అది రూలు. మాది మూసీ మూయగానే ముల్లు కిందికి నడవడం మొదలుపెట్టింది, కంటికి కనపడేంత వేగంగా, నిమిషం అయ్యేసరికి నాలుగు వందలు పోయాయి. అంటే పానెల్ వెనక ఎక్కడో గొట్టం కేబిన్ లోంచి గాలి పీలుస్తోంది. ఎగిరేటప్పుడు కేబిన్ లో ఒత్తిడి మామూలుగా బయట కంటే కాస్త తక్కువ ఉంటుంది, కాబట్టి ఆల్టిమీటర్ మనం ఉన్నదాని కంటే పైన ఉన్నట్టు చూపిస్తుంది, అంటే మనం అనుకున్న దానికంటే కింద ఉంటాం. మబ్బులో, రన్‌వే కోసం కిందికి దిగుతూ ఉన్నప్పుడు, ఈ తప్పు ఏ వైపు ఉందో ఆలోచించండి.

ఆ గొట్టం వెతకడానికి రెండు రోజులు పట్టింది. అక్కడ పనిచేసే కుర్రాడు, మన మహబూబ్‌నగర్ వైపు అబ్బాయి, టార్చ్ నోట్లో పెట్టుకుని సగం మనిషి పానెల్ కింద దూరి, "అన్నా, జర గిటు సూడు" అని పిలిచాడు. ఆల్టర్నేట్ స్టాటిక్ వాల్వ్ (బయటి రంధ్రం మూసుకుపోతే వాడేది) దగ్గర తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్ గొట్టం పసుపు రంగుకి మారి గట్టిపడిపోయి, వంపు దగ్గర వెంట్రుక మందం పగులు. వేలితో వంచితే నోరు తెరిచినట్టు తెరుచుకుంది, వదిలితే మూసుకుంది. ఎన్ని ఏళ్ళుగా అట్లా ఉందో. దాని ఖరీదు మా చాయ్ బిల్లంత కూడా ఉండదు. కొత్త గొట్టం వేశాక మళ్ళీ పెట్టిన టెస్ట్ లో నిమిషానికి ఇరవై అడుగులు. ఆ కుర్రాడికి ఆ రోజు నేను చెప్పిన థాంక్స్ సరిపోలేదు అనిపిస్తుంది ఇప్పటికీ.

అన్నట్టు స్పీడు గేజ్ కి ఎదురుగాలి అందించే పిటో ట్యూబ్ లో కుమ్మరి పురుగు గూడు కూడా దొరికింది, ఎర్రమట్టితో నున్నగా కట్టింది, లోపల గాలి పోయే దారి సగం మూసేసింది. మన ఊళ్ళల్లో హ్యాంగర్ లో నాలుగు రోజులు కవర్ లేకుండా వదిలితే చాలు. కవర్ తొడగండి, ఎర్ర రిబ్బన్ కట్టండి, ఎగిరే ముందు తీశారో లేదో ఇద్దరు చూడండి.

ఇంకొక టెస్ట్ నాకు అంతకుముందు తెలీనే తెలీదు. జీపీఎస్ శాటిలైట్ల సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది, చాలా బలహీనంగా. మన రేడియో 131.275 దగ్గర మాట్లాడితే దాని పన్నెండో హార్మోనిక్ (పన్నెండు రెట్ల ఫ్రీక్వెన్సీ మీద పుట్టే నీడ సిగ్నల్) సరిగ్గా ఆ పక్కనే పడుతుంది, పన్నెండుతో గుణించి చూడండి. 121.175 దగ్గర అయితే పదమూడోది. అందుకని విమానాన్ని బయట నిలబెట్టి ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద బటన్ అరనిమిషం పైగా నొక్కి పట్టుకుని జీపీఎస్ స్క్రీన్ మీద శాటిలైట్ల గీతలు చూస్తారు. 121 దగ్గర ఏం కాలేదు. 131.275 మీద బావ బటన్ నొక్కాడు, ఐదారు సెకన్లకి గీతలు ఒకదాని తర్వాత ఒకటి కుంగిపోయాయి, స్క్రీన్ మీద పొజిషన్ పోయిందని మెసేజ్. బటన్ వదిలితే మళ్ళీ లేచాయి. మళ్ళీ నొక్కితే మళ్ళీ పడ్డాయి. రేడియో తప్పేమో, జీపీఎస్ తప్పేమో అనుకున్నాం, రెండూ కాదు, వెనక తోక దగ్గర ఉన్న పాత ఈఎల్‌టీ. ప్రమాదం జరిగితే సిగ్నల్ పంపే డబ్బా అది, దాని యాంటెనా మన రేడియో సిగ్నల్ ని పట్టుకుని హార్మోనిక్ కలిపి తిరిగి వెదజల్లుతోంది. దాని కేబుల్ ఊడదీసి నొక్కితే గీతలు కదల్లేదు. అదెట్లాగూ పాతబడిపోయింది కాబట్టి కొత్త 406 మెగాహెర్ట్జ్ ది వేశాం, యాంటెనాల మధ్య దూరం పెంచాం. ఆలోచించండి, మామూలుగా ఎగురుతుంటే ఇది ఎప్పటికీ బయటపడదు, ఏదో ఒక రోజు మబ్బులో కంట్రోలర్ 131 పాయింట్ ఎంతో ఇస్తాడు, మనం జవాబు చెప్పిన ప్రతిసారీ జీపీఎస్ మాయమవుతుంది, జవాబు అయిపోగానే వచ్చేస్తుంది, మనం జీపీఎస్ కంపెనీని తిట్టుకుంటాం.

కాగితాల పని గురించి రెండు మాటలే. అమెరికాలో ఎస్‌టీసీ (ఇట్లాంటి మార్పుకి ఇచ్చే ఆమోదం) ఉంది కదా అని ఇక్కడ బిగించేస్తే కుదరదు, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర ఆ మార్పుకి ఆమోదం ఉండాలి, సీఏఆర్ 145 (మెయింటెనెన్స్ సంస్థలకి ఉండే రూలు) అప్రూవల్ ఉన్న చోటే పని జరగాలి, ఫ్లైట్ మాన్యువల్ లో సప్లిమెంట్ చేరాలి, విమానాన్ని మళ్ళీ తూకం వెయ్యాలి, దిక్సూచి మళ్ళీ స్వింగ్ చేసి (విమానాన్ని ఒక్కో దిక్కుకి తిప్పి తప్పు కొలిచి) కొత్త డీవియేషన్ కార్డు రాయాలి. పని మొదలుపెట్టక ముందే ఈ ఫైలు మొదలుపెట్టండి, మేం తర్వాత మొదలుపెట్టి నెలన్నర పోగొట్టుకున్నాం. తూకంలో ఒక మంచి జరిగింది, పంపు, గొట్టాలు, బకెట్ వైర్లు, పాత డబ్బాలు పోయేసరికి ఖాళీ బరువు తొమ్మిది కిలోలు తగ్గింది, అది మాకు పన్నెండు లీటర్ల పైగా పెట్రోల్.

ఆటోపైలట్ కి డబ్బులు మిగల్లేదు. డాక్టర్ గారు చెప్పింది నిజమే అని నేనిప్పుడు ఒప్పుకుంటా, మబ్బులో ఒక్క మనిషి నడుపుతూ, మ్యాప్ చూస్తూ, రేడియోలో మాట్లాడుతూ, ఫ్రీక్వెన్సీ మారుస్తూ ఉంటే చేతులు రెండే అని తెలిసొస్తుంది. అందుకని అది వచ్చేదాకా మబ్బులోకి వెళ్తే ముందు రెండు సీట్లలోనూ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉన్నవాళ్ళే ఉండాలి అని ముగ్గురం సంతకం పెట్టి పానెల్ లాగ్ బుక్ మొదటి పేజీలో అంటించాం.

ఇంట్లో సంగతి కూడా చెప్పాలి. మా అమ్మకి నేను ఎగరడం అలవాటైపోయింది, కానీ "మబ్బుల్లోకి ఎందుకురా" అనే మాట మాత్రం వదల్లేదు. ఆమె అట్లా అంటే నేను వాదించను. మన రాష్ట్రాల్లో ఆ వయసు వాళ్ళందరికీ 2002 మార్చి 3 గుర్తే, బాలయోగి గారి హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో పడిన రోజు. 2009 సెప్టెంబర్ 2 గుర్తే, ఇదే బేగంపేట నుంచి లేచిన వైఎస్ గారి హెలికాప్టర్ నల్లమల మీద మబ్బుల్లో కనపడకుండా పోయి, మర్నాడు పొద్దున దాకా దొరక్కపోతే ఊరు ఊరంతా టీవీల ముందు కూర్చున్న రోజు. అది రెండు ఇంజిన్ల బెల్ 430, నడిపింది ఇద్దరు అనుభవం ఉన్న పైలట్లు. క్యుములోనింబస్ (ఉరుముల మబ్బు) ముందు పానెల్ ఏమీ చెయ్యలేదు, ఆ మాట నేను అమ్మకి చెప్పను కానీ నాకు నేను ప్రతిసారీ చెప్పుకుంటా.

మా పానెల్ తో మేం వెళ్ళేది వానాకాలంలో పరుచుకుని ఉండే మామూలు మబ్బులోకి, చలికాలం పొద్దున పొగమంచు పొర మీదకి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక మామిడి తోటల మీద వడగళ్ళు పడేసే ఆ నల్ల గోపురాల దరిదాపుల్లోకి కాదు, అవి నలభై వేల అడుగులు దాటి లేస్తాయి, మాకు రాడార్ లేదు, మబ్బులో ఉంటే ఎదురుగా ఏముందో కంటికి కనపడదు. లేచే ముందు వాతావరణ శాఖ హైదరాబాద్ డాప్లర్ బొమ్మ చూడటం, దారిలో ఎరుపు ఉంటే ఇంటికి పోయి అన్నం తినడం. ఒక్క విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం, చలిదేశాల వాళ్ళకి మబ్బు అంటే రెక్కల మీద మంచు పేరుకోవడం, మనకి వానాకాలంలో ఆ సున్నా డిగ్రీల ఎత్తు పదహారు వేల అడుగుల పైన ఎక్కడో ఉంటుంది, ఏడెనిమిది వేలల్లో పోయే సెస్నాకి ఆ బాధ లేదు.

సెప్టెంబర్ చివర్లో ఇన్‌స్ట్రక్టర్ గారిని కుడి సీట్లో కూర్చోబెట్టుకుని గన్నవరం బయల్దేరా. లేచిన రెండు నిమిషాలకి హుస్సేన్ సాగర్ తెల్లబడి మాయమైంది, అద్దం మీద నీళ్ళు వెనక్కి పాకుతున్నాయి, రెక్కలు కూడా సరిగా కనపడట్లేదు. నా చెవి గట్టిగా చెప్తోంది మనం కుడికి తిరుగుతున్నాం అని. పై స్క్రీన్ సమంగా ఉంది. పాత టర్న్ కోఆర్డినేటర్ లో చిన్న తెల్ల విమానం బొమ్మ సమంగా ఉంది. ఫిబ్రవరి లో చూడని ఆ బొమ్మని ఈసారి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఏడు వేలకి పైకి వచ్చేశాం, ఎండ, కింద తెల్లటి దూది నేల. అక్కడ ఇన్‌స్ట్రక్టర్ గారు నన్ను అడక్కుండా చెయ్యి చాచి పై జీ5 కి కరెంటు ఇచ్చే బ్రేకర్ లాగారు. అది ఆరిపోలేదు, సొంత బ్యాటరీ మీదకి మారి అట్లాగే వెలుగుతూ ఉంది. దాన్ని కూడా ఆపేశారు. కింద స్క్రీన్ హొరైజన్ గా మారింది. ఆయన ఇంకేం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, అట్లాగే ఇరవై నిమిషాలు పోయాం.

గన్నవరం ఐఎల్ఎస్ కింగ్ రేడియో మీద పట్టాను, జీపీఎస్ పక్కన దూరం చెప్తోంది. రెండు ముళ్ళూ మధ్యలో నిలబెట్టుకుంటూ దిగుతుంటే తొమ్మిది వందల అడుగుల దగ్గర ముందు బూడిద రంగు, తర్వాత పచ్చటి పొలాలు, తర్వాత తడిసిన రన్‌వే లైట్లు. ఎదురుగా, ఉండాల్సిన చోటే.

జీపీఎస్ డేటాబేస్ ప్రతి 28 రోజులకి గురువారం నాడు మారుతుంది. ఈ గురువారం కొత్తది. కార్డు బావ దగ్గరుంది, బుధవారం రాత్రి వెళ్ళి తెచ్చుకోవాలి.